మెరుపు కాగితం మీద ఇరవై గుంటలు

మొన్న ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం మా పక్కింటి కోడలు దుపట్టా తల మీద కప్పుకుని, ఒక కాగితాల కట్టను తడవకుండా గుండెకు అదుముకుని, మా ఇంట్లోకి దాదాపు పరుగున వచ్చింది. తూంకుంటలో మా వీధి ఇంకా సగం ఇళ్లూ సగం ఖాళీ ప్లాట్లుగానే ఉంది కాబట్టి, ఉన్న నాలుగిళ్ల వాళ్లం ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోక తప్పదు. ఆ పిల్ల కష్టమేమిటంటే, కొడుకు పుట్టెంటికలకు పిలుపు పత్రికలు ఇంట్లోనే అచ్చు వేసుకుందామని కొత్త లేజర్ ప్రింటర్ కొన్నారు, దానికి తగ్గట్టుగా ఉండాలని ఫోన్‌లో చూసి తళతళా మెరిసే మందపాటి కాగితం తెప్పించారు, తీరా అచ్చు వేస్తే అక్షరాలు ముట్టుకుంటే చాలు రాలిపోతున్నాయి. మిషన్ పాడుదేమో, వాపసు పంపాలేమో అని ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నేను ఒక పత్రిక తీసుకుని బొటనవేలితో మెల్లగా రుద్దాను. పిల్లవాడి పేరు సగం నా వేలికి వచ్చేసింది.

నాకు నవ్వొచ్చింది. ఎదుటి మనిషి ఏడుపు మొహంతో నిలబడి ఉంటే నవ్వకూడదని తెలుసు గానీ ఆపుకోలేకపోయాను. మిషన్‌ది ఏ తప్పూ లేదనీ, తప్పంతా కాగితానిదేననీ, ఆ మెరుపు కాగితం వేరే రకం ప్రింటర్ల కోసం చేసిందనీ, ఇంకో పదిసార్లు దాన్ని ఇందులో దూరిస్తే పైపూత కరిగి లోపలి రోలర్‌కు అంటుకుని అప్పుడు మిషన్ కూడా నిజంగానే పాడవుతుందనీ చెప్పాను. మా అల్మారాలో ఉన్న మామూలు తెల్ల కాగితం ఒక యాభై షీట్లు చేతిలో పెట్టి పంపించాను. అరగంటలో ఫోన్‌కు ఫోటో వచ్చింది, అక్షరాలు నల్లగా, పదునుగా, ఒక్కటి కూడా చెదరకుండా ఉన్నాయి. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు నాలుగు పెట్టింది. నేను మాత్రం అప్పటికే పాతికేళ్ల వెనక్కి వెళ్లిపోయి ఉన్నాను, ఎందుకంటే ఆ పిల్లతో మాట్లాడినంతసేపూ నా గొంతులో మా మేనమామ గొంతే వినిపించింది, అదే మందలింపు, అదే కాస్త గర్వం.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మనం చదువుకునే రోజుల్లో టైపు నేర్చుకున్న ఆడపిల్లకు ఎక్కడో ఒక చోట అన్నం దొరుకుతుందని పెద్దవాళ్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మా బాపు నన్ను మేడ్చల్‌లో మా మేనమామ దుకాణానికి పంపాడు. బస్టాండ్‌కు దగ్గరలో, రేకుల షెడ్డు, ముందు రెండు బెంచీలు, లోపల రెండు టైపు మిషన్లు, గోడకు దేవుడి పటం, దాని కింద స్టాంపు పేపర్ల మీద దస్తావేజులు రాసే మా మామ. తర్వాత్తర్వాత కంప్యూటర్ వచ్చింది, దానితో పాటు రిబ్బను మీద సూదులు కొట్టుకుంటూ కర్రకర్రమని అరిచే ప్రింటర్ వచ్చింది, ఆ తర్వాత ఒక దసరా ముందర లేజర్ ప్రింటర్ వచ్చింది. దానికి మామ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక పాత తెల్లపంచె చింపి ముసుగు కుట్టించాడు. మొదటి కాగితం ఏ చప్పుడూ లేకుండా వెచ్చవెచ్చగా బయటికి వచ్చినప్పుడు బెంచీ మీద కూర్చున్న రైతులు లేచి వచ్చి మరీ చూశారు. ఒకాయన దాన్ని చెంపకు ఆనించుకుని వేడి ఉందని నవ్వాడు.

ఆ వేడిలోనే అంతా ఉందని మామ నాకు మొదటి వారంలోనే నేర్పాడు. ఈ మిషన్‌లో సిరా ఉండదు, మెత్తటి నల్లపొడి ఉంటుంది. ముందు ఆ పొడి అక్షరాల ఆకారంలో కాగితం మీద కూర్చుంటుంది, తర్వాత వేడి రోలర్ దాన్ని ఇస్త్రీ చేసినట్టు నొక్కి కరిగించి కాగితానికి పట్టిస్తుంది. కాబట్టి ఆ ఇస్త్రీకి కాగితం ఒప్పుకోవాలి. గరుకు కాగితమైతే గుంటల్లో పొడి సరిగా కూర్చోక అక్షరం విరిగినట్టు కనిపిస్తుంది. మరీ మందమైతే వేడంతా కాగితమే తాగేస్తుంది, పైన పొడి పచ్చిగానే మిగిలిపోతుంది. మెరుపు పూత ఉంటే పొడికి పట్టు దొరకదు. చెమ్మ ఉంటే ఉన్న వేడి ఆవిరి కావడానికే సరిపోయి అక్షరాలు వెలసిపోతాయి, కాగితం చుట్ట చుట్టుకుని లోపల ఇరుక్కుంటుంది కూడా. ఇన్ని సంగతులు ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, బహుశా పాడైన కాగితాలే చెప్పి ఉంటాయి.

మా మామకు కాగితం ఎంచడంలో ఒక పద్ధతి ఉండేది. కొత్త కట్ట రాగానే ఒక షీటు లాగి చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. పెళపెళమని పలికితే మంచిది, మెత్తగా బుసబుసమంటే చెమ్మ పట్టిందన్నమాట. "కాగితం ముందుగాల చెవికి జెప్పాలె, తర్వాతనే కంటికి" అనేవాడు. దుకాణం వెనక ఒక చెక్క అల్మారాలో నలభై వాట్ల బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది, వానాకాలం కాగితాలన్నీ అందులోనే ఉండాలి. మందపాటి స్టాంపు పేపర్లు వేయాలంటే ముందు ఓ గంటసేపు ఆ అల్మారాలో వెచ్చబరచి, మిషన్ వెనక తలుపు తెరిచి, కాగితం వంపు తిరగకుండా నేరుగా బయటికి వచ్చేలా ఒక్కొక్కటిగా పెట్టాలి. అచ్చు అయ్యాక గోటితో గీకి, ఒక మూల మడిచి విప్పి చూసి, అక్షరం కదలకపోతేనే మనిషి చేతిలో పెట్టాలి. చూడడానికి బాగుందా లేదా అన్నది ఆయనకు ఆఖరి సంగతి. నాకు మాత్రం అదే మొదటి సంగతి, ఇరవై రెండేళ్ల పిల్లకు ఇంకేముంటుంది.

ఇక్కడ మా మేనత్త గురించి చెప్పాలి. మా బాపుకూ, ఆయన తమ్ముడు మా చిన్నబాపుకూ ఆమె అక్క. పెళ్లయిన రెండో ఏడే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తమ్ముళ్లిద్దరినీ తానే ఎత్తుకుని పెంచి, శామీర్‌పేట అవతల కరీంనగర్ రోడ్డుకు ఆనుకుని ఉన్న మా పొలంలో నాలుగు బర్రెలను పెట్టుకుని పాలు పోస్తూ బతికింది. బావి దగ్గర బర్రెల కొట్టం, కొట్టం పక్కన ఆమె గది. ఎవరి దగ్గరా చేయి చాచని మనిషి. మా తాత పోయేముందు, బావితో సహా రోడ్డు వైపు ఇరవై గుంటలు, అంటే అర ఎకరం, బిడ్డకు ఇయ్యాలని కొడుకులిద్దరికీ చెప్పిపోయాడు. దినాలు అయిన నెలకు అన్నదమ్ములిద్దరూ కూర్చుని, ప్రస్తుతానికి ఇంట్లోనే ఒక ఒప్పంద కాగితం రాసుకుందామనీ, వీలు చూసుకుని రిజిస్ట్రేషన్ చేయిద్దామనీ అనుకున్నారు. చిన్నబాపు ఒక్కొక్క మాటా తానే చెప్పాడు, నేను పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను.

మరునాడు దుకాణంలో దాన్ని కంప్యూటర్‌లో కొట్టాను. ఆ రోజు మామ టోనర్ అనే ఆ నల్లపొడి కోసం పట్నం వెళ్లాడు. మా అత్తకు ఆస్తి రాసే కాగితం, మామూలు తెల్ల కాగితం మీద వేయడానికి నాకు మనసు ఒప్పలేదు. ఎవరి పెండ్లి పత్రికలకో తెప్పించగా మిగిలిన కాగితం అల్మారా పైన ఉంది, మీగడ రంగు, అట్టంత మందం, మీద సన్నటి బంగారు మెరుపు. చెవి దగ్గర ఆడించి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. మిషన్ దాన్ని మింగడానికి రెండుసార్లు మొరాయించింది, మూడోసారి నేను చేత్తో నెట్టాను. బయటికి వచ్చిన కాగితం ఎంత అందంగా ఉందంటే, గోటితో గీకి చూడడానికి చేతులు రాలేదు. గీకితే పాడవుతుందని భయపడ్డాను చూడండి, అంటే లోపల ఎక్కడో నాకు తెలుసన్నమాట.

ఆ సాయంత్రం కొట్టం ముందు మంచాలు వేసుకుని అన్నదమ్ములు సంతకాలు చేశారు, వాళ్లను కన్న మా అవ్వ వేలిముద్ర వేసింది, ఊరి పెద్దలు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు. అందరూ కాగితాన్ని వెలుతురుకు తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నారు గానీ, నిజం చెప్పాలంటే ఎవరూ చదవలేదు, అందరికీ తెలిసిన సంగతే కదా అనుకున్నారు. అత్త దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకుంది. నేను నా మంచితనం ఇంకా చాలలేదన్నట్టు దుకాణం నుంచి తెచ్చిన అవతలిది కనిపించే ఒక దళసరి ప్లాస్టిక్ కవర్‌లో కాగితాన్ని దూర్చి, ఇక దీనికి వందేళ్లు ఢోకా లేదని చెప్పాను. ఆమె దాన్ని రేకుల గదిలో ట్రంకు పెట్టె అడుగున, చీరల కింద దాచుకుంది.

వీలు చూసుకుని చేద్దామనుకున్న రిజిస్ట్రేషన్ రెండేళ్లు వీలు కాలేదు. ఈలోగా మా అవ్వ పోయింది, సాక్షి సంతకం పెట్టిన పెద్దాయన ఒకరు పోయారు. రోడ్డు పొడుగునా పొలాల్లో తెల్లరాళ్లు పాతడం మొదలైంది. అప్పటిదాకా జొన్నలు వేసుకున్న వాళ్లు కార్లలో వచ్చిన వాళ్లతో చెట్ల కింద నిలబడి మాట్లాడడం మొదలుపెట్టారు. మా చిన్నబాపు చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి, కానీ రోడ్డు వైపు జాగా కూడా కలిసి వస్తే తన వాటా మొత్తం కొంటామని ఎవరో ఆశ పెట్టారు. అప్పటినుంచి ఆయన అక్క ముందు కూర్చుని మాట్లాడడం తగ్గించాడు. మా బాపుకు అనుమానం వచ్చి, ఇక ఆలస్యం చేయొద్దని, ఒక వానాకాలం పొద్దున స్టాంపు పేపర్లు కొని, అందరినీ మేడ్చల్‌కు రమ్మన్నాడు. పాత కాగితంలో ఉన్న హద్దులు చూసి దస్తావేజు రాయాలి, ఆ రోజే రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలు కావాలి. అదీ ఏర్పాటు.

అత్త చీర కొంగులో చుట్టుకొచ్చిన కాగితం తీసి మామ బల్ల మీద పెట్టింది. మీగడ రంగు కాగితం అలాగే మెరుస్తూ ఉంది, అడుగున అన్నదమ్ముల సంతకాలు నీలం సిరాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి, అవ్వ వేలిముద్ర ఉంది. పైన మాత్రం అక్షరాలు లేవు. అక్కడొక కొమ్ము, ఇక్కడొక సున్నా, చీమలు పారినట్టు నాలుగు నల్లటి చుక్కలు, అంతే. అత్త పేరు లేదు, హద్దులు లేవు, బావి లేదు. అత్త నా మొహంలోకి చూసింది, కోపంగా కాదు, నేను ఇదేమిటో చెప్తానన్న నమ్మకంతో చూసింది, అదే నన్ను ఎక్కువ కాల్చింది.

కంప్యూటర్‌లో ఉండాలి కదా అని మీరు అనుకుంటారు. ఉండాలి. కానీ అప్పటి కంప్యూటర్‌లో జాగా ఎంతని, నెలకోసారి పాత ఫైళ్లన్నీ తుడిచేయడం నా పనే, ఆ పని నేను చాలా శ్రద్ధగా చేసేదాన్ని. రాసుకున్న నోటుబుక్కు ఏ చిత్తు కాగితాల్లో పోయిందో. చిన్నబాపు కాగితాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. మా ఎవ్వరి మొహాలూ చూడకుండా గోడకున్న దేవుడి పటం వైపు చూస్తూ అన్నాడు.

"ఇరవై గుంటలన్నది నాకు యాదికున్నది. ఏ దిక్కున్నది మాత్రం యాదికి లేదు. కాగితంల లేనిదాన్ని నేనెట్ల ఒప్పుకోవాలె?"

మా బాపు లేచి నిలబడ్డాడు. రోడ్డు దిక్కు కాకపోతే వెనక వైపు రాళ్ల గుట్ట కింది ఇరవై గుంటలు, అక్కడ నీళ్లు లేవు, బర్రెలకు నీడ లేదు, రోడ్డు వైపు జాగాతో పాటు బావి కూడా చేజారితే అత్త బతుకే పోతుంది. తాత మాట మరిచిపోయావా అని బాపు అడిగాడు. మిగిలిన ఒక్క సాక్షి, అందరూ సంతకం పెడుతుంటే తానూ పెట్టానని, చదవలేదని చెప్పి తల దించుకున్నాడు. ఆ బల్ల మీద విడిపోతున్నది భూమి కాదు, ఒకే మనిషి ఎత్తుకుని పెంచిన ఇద్దరు అన్నదమ్ములు. దానికి కారణం నేను, నా మెరుపు కాగితం. నేను టైపు మిషన్ వెనక్కి వెళ్లి నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

మామ ఒక్కడే తొందరపడలేదు. కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, వేలితో తడిమాడు, మందం చూశాడు, నా వైపు ఒక్క చూపు చూశాడు, ఆ చూపులో తిట్లన్నీ ఉన్నాయి. తర్వాత అత్తను అడిగాడు, దీన్ని దేంట్లో పెట్టినవక్కా అని. అత్త కవర్ సంగతి చెప్పింది. పొద్దున తీయబోతే కాగితం కవర్‌కు అతుక్కుపోయి రాలేదనీ, ఒక పక్క చింపి పటపటమని లాగితే వచ్చిందనీ, కళ్లు సరిగా ఆనక మడిచి కొంగులో పెట్టుకున్నాననీ అంది. మామ మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది.

"అక్షరం యాడికీ పోదు. కవరే గుంజుకున్నది. గా కవరేది?"

అత్త కాస్త సిగ్గుపడింది. చింపిన కవర్‌ను పారేయబుద్ధి కాక, ముసురుకు చెమ్మ తగలకుండా మామిడికాయ తొక్కు పచ్చడి జాడీ మూతికి కట్టి వచ్చానంది. బాపు ఇంకో మాట వినకుండా స్కూటర్ తీశాడు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట అవతలికి ఆ వానలో పోవాలి, రావాలి, ఎంత లేదన్నా గంటన్నర. చిన్నబాపు కూడా లేచాడు, పనుంది పోతానన్నాడు. మామ స్టాంపు పేపర్ల కట్ట తీసి చెవి దగ్గర ఆడించి, ఇవి వానకు మెత్తబడ్డాయి, గంటసేపు బల్బు కింద పెట్టందే పనికిరావు, నువ్వు పోతే మళ్లీ ఎవరు తిరగాలి, కూర్చో బావా అన్నాడు. ఆ మాటలో సగం కాగితం గురించి, సగం కాదు. చిన్నబాపు కూర్చున్నాడు.

ఆ గంటన్నరా దుకాణం రేకుల మీద వాన పడుతూనే ఉంది. కాసేపటికి అత్త తన సంచిలోంచి మూట విప్పింది, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, గట్టిగా మూత పెట్టిన సీసాలో చల్ల. మూట విప్పి తమ్ముడి వైపు జరిపింది.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా తమ్మీ?"

ఆయన తిన్నానని తలూపాడు. ఆమె నమ్మలేదు, చిన్నప్పటినుంచి చూస్తున్న మనిషి. రొట్టె తుంచి చేతిలో పెట్టింది. ఆయన తల వంచుకుని తిన్నాడు, రెండోది కూడా తిన్నాడు, చల్ల తాగాడు. ఆమె భూమి గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. చూడి బర్రె ఈనబోతోందని, శామీర్‌పేట చెరువు నిండితే ఈసారి గడ్డికి ఇబ్బంది ఉండదని, అలాంటివేవో చెప్పింది. నేను అల్మారా తలుపు తీసి స్టాంపు పేపర్లు తిరగేస్తూ, కవర్ నలిగిపోయి ఉంటుందా, తొక్కు నూనెకు కరిగిపోయి ఉంటుందా, బాపు దారిలో జారిపడి ఉంటాడా అని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

బాపు నెత్తి మీంచి నీళ్లు కారుతుండగా లోపలికి వచ్చి, అంగీ లోపలినుంచి కవర్ తీశాడు. ఒక మూల ఎర్రగా తొక్కు నూనె అంటి ఉంది, మధ్యలో జాడీ మూతి గుండ్రటి గుర్తు ఉంది. కానీ అక్షరాలు కవర్ లోపలి పొరకు అంటుకుని ఉన్నాయి గనుక నూనె వాటిదాకా పోలేదు. మామ బల్ల మీద ఒక తెల్ల కాగితం పరిచి, ఆ కవర్‌ను దాని మీద పెట్టి, అరచేత్తో సాపు చేశాడు. అంతే. నా అక్షరాలన్నీ, నల్లగా, వరుసగా, పైనుంచి కిందిదాకా లేచి నిలబడ్డాయి. పెట్టెలో చీరల బరువుకూ, రెండు ఎండాకాలాలు రేకుల వేడికీ, సరిగా కరగని పొడి అంతా మెరుపు కాగితాన్ని వదిలేసి ప్లాస్టిక్‌ను పట్టుకుంది. అంత ఊరట నా బతుకులో మళ్లీ ఒకటి రెండుసార్లే కలిగింది, బెంచీ మీద కూలబడ్డాను.

మామ చదవబోతే చిన్నబాపు చేయి అడ్డం పెట్టి కవర్‌ను తన వైపు తిప్పుకున్నాడు. తానే చదివాడు, పైకి, మెల్లగా, ఒక్కొక్క గీత కింద వేలు పెట్టి. మా అక్క మమ్మల్ని తల్లిలా సాకినందున, మా నాయిన చెప్పిన మాట ప్రకారం, రోడ్డుకు ఆనుకుని బావితోనూ కొట్టంతోనూ కలిపి ఇరవై గుంటలు మేమిద్దరం ఇష్టపూర్తిగా ఇస్తున్నాము అన్న చోటిదాకా వచ్చాడు. అక్కడ ఆగి, మళ్లీ ఆ గీతే మొదటినుంచి చదివాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఇది నేను జెప్పిందే. గిట్లనే కొట్టు బిడ్డా, ఒక్క మాట గూడ తియ్యకు."

నేను కొట్టాను. ఒక్క తప్పు పోలేదు. పెళపెళలాడుతున్న స్టాంపు పేపర్లను మిషన్ వెనక తలుపు తెరిచి ఒక్కొక్కటిగా పెట్టాను, మిగతా పేజీలు మామూలు తెల్ల కాగితం మీద వేశాను. ఈసారి గోటితో గట్టిగా గీకాను, మూల మడిచి విప్పాను, మామకు ఇవ్వకుండా ముందు చిన్నబాపుకు ఇచ్చాను, ఆయన కూడా గోటితో గీకి చూశాడు. మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ ఆఫీసులో అందరి సంతకాలూ అయిపోయాయి. తిరిగి వస్తుంటే వాన వెలిసింది, అత్త నా భుజం మీద చేయి వేసుకుని నడిచింది, నా తప్పు గురించి ఆమె ఆ రోజే కాదు, బతికి ఉన్నంతకాలం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ లోటు మామ తీర్చాడు, మిగిలిన పెండ్లి పత్రికల కాగితమంతా నా చేతే ముక్కలు చేయించి, దుకాణంలో చీటీలు రాసుకోవడానికి వాడించాడు.

అత్త ఆ ఇరవై గుంటల్లోనే, ఆ బావి దగ్గరే, చివరిదాకా తన బర్రెలతో ఉంది. ఆమె దినాలకు వెళ్లినప్పుడు చిన్నబాపు నన్ను పక్కకు పిలిచాడు. అప్పటికి ఆయనకూ తల నెరిసింది. ఆ రోజు తనకు అంతా యాదికే ఉందనీ, కొనేవాళ్లకు మాట ఇచ్చి మరీ మేడ్చల్‌కు వచ్చాననీ, కాగితం ఎలా ఉన్నా కొట్లాడి తప్పించుకోవాలనే వచ్చాననీ చెప్పాడు.

"కాగితం మంచిగుంటె నేను దాన్ని సదివేటోణ్ణే కాదు బిడ్డా. సంతకం కాడికే చూసి లొల్లి పెట్టేటోణ్ణి. అక్షరాలు పోయినయని గదా, దొరికినంక మొదటిసారి సదివిన."

ఆ మాట విన్నాక ఎన్నో ఏళ్లుగా నా గుండెల మీదున్న బరువు దిగిపోయింది. తప్పు తప్పే, దాన్ని నేను ఒప్పని అనను, ఇప్పటికీ ఎవరైనా మెరుపు కాగితం పట్టుకొస్తే కసురుకుంటాను. కానీ ఆ తప్పు ఎవరి బతుకునూ కూల్చలేదు, ఆ ఒక్క నిశ్చింతతోనే ఈ సంగతి ఇంత ధైర్యంగా మీకు చెప్పగలుగుతున్నాను.

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ప్రింటర్ ఉంది, కాగితాలు కూడా మంచివి వస్తున్నాయి, బల్బు అల్మారాల అవసరం ఎవరికీ లేదు. అక్షరాలు రాలిపోవు. నాలాంటి పిల్ల ఎవరూ టైపు మిషన్ వెనక నిలబడి ఏడవక్కర్లేదు, అది సంతోషమే. అయితే పోయిన ఏడాది ఈ తూంకుంట ఇంటి రిజిస్ట్రేషన్‌కు నలభై పేజీల దస్తావేజు నా ముందు పెట్టారు. తెల్లటి కాగితం, పదునైన అచ్చు, గోటితో గీకితే ఒక్క చుక్క కదలలేదు, అది మాత్రం తప్పకుండా చూశాను. వేలు పెట్టి చూపించిన ప్రతి చోటా సంతకం చేశాను. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది, అందులో ఒక్క పేజీ కూడా నేను చదవలేదు.